బందరు అద్దకము

బందరు ప్రాంతపు అద్దకపు పాకలోనికి తొలిసారి ప్రవేశించినవానికి అచ్చటి పని యొక విడ్డూరముగా తోచును. గోనెలును పాతగుడ్డలును పొరలుపొరలుగా పరచిన పొడవాటి బల్లపై నూలుగుడ్డ యుండును. పనివాడు టేకుచెక్కతో చేసిన అచ్చును ప్రక్కనున్న పళ్ళెములోని మెత్తపై నొత్తి, గుడ్డపై నానించి, పిడికిటితో నొక దెబ్బ వేసి మరల పైకెత్తును. కాని యచ్చు లేచిన చోట ఎఱ్ఱని పువ్వును చూడగోరి వంగిన మన కన్నులకు పాలిపోయిన చాయ యొకటి తప్ప మఱేమియు కానరాదు. అది పటికనీరు. అచ్చు ఎచ్చట పడినదో కంటికి తెలియుటకై అందులో నించుక రంగు కలిపియుందురు గాని, రావలసిన ఎఱుపు అందులో లేదు. ఆ యెఱుపు కొన్ని దినములు గడచి, గుడ్డ పారునీట జాడింపబడి, రాగి గంగాళమున వేళ్ళతోను చెక్కలతోను కలిసి మరిగిన పిమ్మట, పటిక తగిలిన చోటులనే వెదకికొని వచ్చి నిలుచును. తగులని చోటులను ఇంచుమించుగా విడిచిపోవును. కావున మన దేశపు ప్రాచీనాద్దకములో అచ్చు రంగును మోయునది కాదు. రంగు రేపు వచ్చి కూర్చుండుటకు పీటను నేడు వేసిపోవునది.

నేటి కాలమున వేడుకకై ఇంటియొద్ద అద్దకము మొదలుపెట్టగోరువారు సీసాలలో దొరకు రంగును అచ్చునకు పూసి గుడ్డపై నొత్తుటతో పని ముగిసినదని తలంతురు. అందు దోషమేమియు లేదు. అయినను ఈ విద్య సప్తసముద్రములకు ఆవలనున్న రాజ్యములచేత చట్టములు చేయించి, ఆ చట్టములను ఆ దేశముల స్త్రీలచేతనే మీఱించినది సీసాలోని రంగువలన గాదు, పటికనీటి మర్మమువలన. ఆ చరిత్రలో కలము పట్టి చిత్రించినవానికి దక్కిన కీర్తి అచ్చు పట్టినవానికి దక్కలేదు. కళాఖండములను గూర్చి వ్రాయువారు కాళహస్తి కలంకారీని గొనియాడి, బందరు అచ్చుపనిని చౌకపనిగా నొక వాక్యములో ముగింతురు. ఆ యభిప్రాయముతో నాకు పొత్తు కుదరదు. బందరు తీరమున ఈ విద్య రాజులును, కంపెనీలును, కొనుగోలుదారులును మాఱిన పిమ్మటను మిగిలియుండుటకు అచ్చే కారణమని ఆధారములు చూచినకొలది నాకు తోచుచున్నది.

పటిక మర్మము ఎంత ప్రాచీనమో చెప్పుటకు మన తీరము చాలదు. మొహెంజొదారో త్రవ్వకములలో నొక వెండిపాత్రకు అంటుకొని దొరకిన నూలుగుడ్డ తునుక మంజిష్ఠజాతి వేరుతో ఎఱుపు వేయబడినదని పరీక్షకులు తేల్చిరి; ఆ జాతి వేళ్ళ ఎఱుపు పటికవంటి వర్ణబంధకము లేనిదే నూలుపై నిలువదు గనుక, ఆ నగరవాసులకు ఈ రహస్యము తెలిసియే యుండవలెను. క్రీ.శ. 1వ శతాబ్దమున రోమను గ్రంథకర్తయగు ప్లినీ, ఈజిప్టువారు తెల్లగుడ్డపై రంగులను గాక రంగులను పీల్చు మందులను పూసి, కాగుచున్న తొట్టిలో ముంచి, ఒకే రంగు గల యా తొట్టినుండి పలువన్నెల గుడ్డను పైకి తీయుదురని అబ్బురపడి వ్రాసినాడు. కైరో నగరము చెంతనున్న ఫుస్తాతు దిబ్బలలో బయల్పడిన మధ్యయుగపు అచ్చుగుడ్డల తునుకలు గుజరాతునుండి ఓడలమీద పోయినవని పండితులు నిర్ణయించిరి. ఇక ఆంధ్రతీరమును గూర్చి ‘ఎరిత్రియను సముద్ర ప్రయాణము’ అను ప్రాచీన గ్రీకు గ్రంథము మసాలియా దేశమున సన్నని నూలువస్త్రములు విస్తారముగా తయారగునని చెప్పుచున్నది. ఈ యొక్క మాటను పట్టుకొని శాతవాహనుల నాడే బందరులో అద్దకము వర్ధిల్లెనని చాటు దేశాభిమానులు కలరు. నేత వేఱు, అద్దకము వేఱు. సన్నని మల్లుకు ప్రసిద్ధి కెక్కిన దేశమెల్ల పూలగుడ్డకును ప్రసిద్ధి కెక్కవలెనను నియమము లేదు. మనకు నిస్సందేహమైన సాక్ష్యములు గోలకొండ సుల్తానుల కాలమునుండియే విరివిగా లభించుచున్నవి. ఆ సాక్ష్యములే గర్వపడుటకు చాలినంత యున్నవి.

కుతుబ్‌షాహీల రాజ్యమునకు బందరు సముద్రద్వారము. పారశీకమునుండి పండితులు, సిపాయిలు, గుఱ్ఱములు వచ్చిన త్రోవ యదియే. గోలకొండ సరకు పడమటికిని తూర్పునకును పోయిన త్రోవయు నదియే. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును, 1669లో ఫ్రెంచివారును అచ్చట కొఠీలు నెలకొల్పిరి. వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట యను పేటలు నేటికిని ఆ మూడు జాతుల పేర్లను మోయుచున్నవి. వీరందఱును ఇచ్చటికి వచ్చినది గుడ్డలమీది మోజుచేత మాత్రమే కాదు. తూర్పుదీవులలో లవంగములు, జాజికాయ, మిరియములు కొనవలెనన్న అచ్చటివారు వెండికంటె కోరమండల తీరపు రంగుగుడ్డలకే మొగ్గుచూపుచుండిరి. కనుక ఐరోపావర్తకుడు మొదట బందరులో వెండి నిచ్చి గుడ్డ కొని, ఆ గుడ్డ నిచ్చి దీవులలో సుగంధద్రవ్యము కొని, దానిని స్వదేశమున నమ్మి లాభము గడింపవలసి వచ్చెను. గుడ్డ యా కాలమున నొక విధమైన నాణెమే యయ్యెను.

1618 మొదలు నాలుగేండ్లు బందరులో నివసించిన విలియం మెత్వొల్డు అను ఆంగ్లవర్తకుడు గోలకొండ రాజ్యమును గూర్చి వ్రాసిన వృత్తాంతము మనకొక నిధి. ఈ తీరపు చిత్రవస్త్రములు హిందూదేశమంతట పేరుగాంచినవనియు, వానిలో శ్రేష్ఠమైనవి కుంచెతో చేయబడుననియు, ఎన్నిమాఱులు ఉతికినను గుడ్డ చిరుగువఱకు రంగు వెలియదనియు నతడు వ్రాసినాడు. శ్రేష్ఠమైనవి కుంచెతో చేయబడునని ప్రత్యేకించి చెప్పినాడనగా తక్కినవి వేఱొక విధముగా చేయబడుచుండెనని యర్థము. ఆ వేఱొక విధము అచ్చు కాక మఱేమి యుండనగును? ఈ రంగునకు మూలమగు వేరు నిజాంపట్నపు చెంత మేలైనది దొరకునని కూడ నతడే చెప్పియున్నాడు. అదియే చిరివేరు. తీరపు ఇసుకనేలలలో మొలచు చిన్న మొక్క. దాని సొగసంతయు భూమిలోనికి సన్నగా దిగిన వేరులో నున్నది. ఆల్చిప్పలు చివికి సున్నము కలిసిన నేలలో పెరిగిన వేరు మిగుల మంచి ఎఱుపు నిచ్చునని తీరవాసుల యనుభవము. సున్నపుపాలు ఈ జాతి ఎఱుపును గాఢము చేయునని రసాయనశాస్త్రము కూడ దీనినే బలపఱచుచున్నది. బందరు ఎఱుపు కేవలము చేతిపనిలో లేదు; కొంత యా యిసుకలో నున్నది.

మెత్వొల్డు తరువాత నలువది యేండ్లకు మొగలు రాజధానిలో నుండిన బెర్నియే అను ఫ్రెంచి వైద్యుడు ఔరంగజేబు కొలువుకూటపు గుడారమును వర్ణించుచు, దాని వెలుపలి భాగము ఎఱుపనియు, లోపలి యస్తరు మాత్రము ఆ పనికే ప్రత్యేకముగా బందరులో చేయించిన పూలగుడ్డయనియు, అందలి పూవులు ఎంత సహజముగా నుండెననగా గుడారము చుట్టును నిజమైన పూలతోట యున్నట్లు తోచెననియు చెప్పినాడు. ఢిల్లీలోని గుడారమునకు అస్తరు బందరునుండి పోవుట ఆ కాలపు రహదారులను తలచుకొన్నవారికి సామాన్యముగా తోచదు.

ఇక్కడ అచ్చునకును కలమునకును గల తారతమ్యమును కొంచెము విచారింపవలసియున్నది. కాళహస్తిలో దేవాలయపు తెరలపై రామాయణ భారత కథలను చిత్రించునప్పుడు ఒక బొమ్మవలె మఱియొక బొమ్మ యుండనక్కఱలేదు. అచ్చట కలము పట్టినవాని చేయి కథ వెంట పోవును. బందరు కొన్నది దేవాలయము గాదు, వర్తకుడు. వర్తకునకు వలసినది నమూనాతో సరిపోవు నూఱు దుప్పట్లు. 1643లోనే లండనులోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సూరతు కొఠీకి వ్రాయుచు, ఇకపై పంపు దుప్పట్లలో తెల్లనేల యెక్కువగా నుండవలెననియు, పూలును కొమ్మలును నడుమ రంగులలో నుండవలెననియు కోరిరనగా, ఎక్కడివారి యభిరుచి యెక్కడి పనివాని చేతిని నడుపుచుండెనో గ్రహింపవచ్చును. ఇట్టి బేరమునకు ఒక్కటే గీతను వేయిమాఱులు మాఱక వేయగల అచ్చు మిగుల అనుకూలము. పారశీకపు బేరమున నిది మఱింత స్పష్టము. నమాజు గుడ్డలు, పందిరిగుడ్డలు, పడకదుప్పట్లు, సరుగుడు చెట్టును బోలిన పారశీకపు సైప్రెసు వృక్షములు, మిహ్రాబు కమానులు, వంపు తిరిగిన మామిడిపిందెలు—వీనిని కోరువారు ప్రభువులే కాక సామాన్యగృహస్థులు కూడ. వారికై బందరు పనివారు కనుగొన్న యుపాయము మధ్యేమార్గము: నల్లని గీతలను అచ్చుతో వేసి, లోపలి రంగులలో కొన్నింటిని కలముతో నింపుట. లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాల మొదలగు చోటుల దాచియుంచిన 19వ శతాబ్దపు గుడ్డలలో నీ మిశ్రమరీతి కానవచ్చుచున్నది. అచ్చుపనియు కలముపనియు పుట్టుకతోనే వైరులని యెంచువారు ఈ గుడ్డల నొకమాఱు దగ్గఱగా చూడవలెను.

ఐరోపాలో నీ గుడ్డలు పుట్టించిన కలకలము వేఱొక కథ. ఉతికినను వెలియని రంగు అచ్చటి నూలుపనివారికి నాటివఱకు తెలియదు. అచ్చటి ఉన్నిబట్ట బరువు, పట్టుబట్ట వెల యెక్కువ. దాసీల మొదలు దొరసానులవఱకు అందఱును హిందూదేశపు పూలగుడ్డలు కట్టుటతో నేతవారు గగ్గోలు పెట్టిరి. 1686లో ఫ్రాన్సు ఈ గుడ్డల దిగుమతిని, స్వదేశమున వాని యనుకరణమును కూడ నిషేధించినది. ఆ నిషేధము 1759 వఱకు తొలగలేదు. ఇంగ్లండులో 1700 సంవత్సరపు శాసనము రంగువేసిన నూలుగుడ్డలను వాడుకకై దిగుమతి చేయరాదన్నది. తెల్లగుడ్డను మాత్రము విడిచినది. తెల్లగుడ్డ వచ్చుచుండగా దానిపై అద్దకము వేయువారు లండనులోనే పుట్టుకొని వచ్చిరి. నేతవారు 1719లో పూలగుడ్డ కట్టిన స్త్రీలపై వీథులలో పడి, ఆ గుడ్డలను చింపి, వానిపై సిరాయు నామ్లమును చల్లిరి. మఱుసటి యేడు వాడుకనే నిషేధించు శాసనము పుట్టినది. అది 1774 వఱకు నడచినది. ఆ నడుమ గడచిన కాలము ఆంగ్లేయులకు అద్దకపు బడియైనది. మన గుడ్డను అడ్డగించుటకై చేసిన చట్టము వారి యద్దకమునకు నాలుగు గోడలును కట్టి యిచ్చినదనుటలో అతిశయోక్తి లేదు.

గోడలు కట్టినంత మాత్రమున విద్య రాదు గదా. దానిని మనవారి నుండియే వారు సంగ్రహించిరి. 1742లో దక్షిణదేశమున క్రైస్తవ ప్రచారము చేయుచుండిన కూర్దూ అను ఫ్రెంచి పాదిరి, తాను మతమిచ్చిన అద్దకపు పనివారి నడిగి తెలిసికొన్న పద్ధతినంతయు సుదీర్ఘమగు లేఖలో ఫ్రాన్సునకు వ్రాసి పంపెను. కరక్కాయ, గేదెపాలు, పటిక, ఎండ, ఏఱు—అన్నియు వరుసతో ఆ లేఖలో నున్నవి. ఈ పాదిరియే సంస్కృతమునకును లాటినునకును గల పోలికను ఐరోపా పండితులకు చాటినవారిలో నొకడు, తెలుగు నేర్చినవాడు. విద్యలను సేకరించు నాతని శక్తికి నమస్కరింపవలసినదే, ఆ సేకరణము చివరకెవరి పొట్ట కొట్టెనో తెలిసియు. తరువాత సామర్లకోటలో వనమూలికల తోట పెంచిన రాక్సుబరో అను వైద్యుడు 1795లో ప్రకటించిన కోరమండల తీరపు మొక్కల గ్రంథమున చిరివేరునకు చోటిచ్చి, దానితో రంగు వేయు రీతిని కూడ వివరించెను. ఈ నడుమ 1783లో థామస్ బెల్ అను స్కాట్లండు దేశీయుడు చెక్కిన రాగి దొర్లుడు అచ్చుతో గుడ్డకు రంగువేయు యంత్రమునకు హక్కు పొందినాడు. చేతి యచ్చుకంటె వేగముగ పనిచేయు అచ్చు పుట్టినది. బందరు పనివానికి పోటీదారు కలము కాదు. తన యచ్చుయొక్క రాగి చెల్లెలే.

1759లో ఆంగ్లసేనాని ఫోర్డు దండు బందరు కోటను ఫ్రెంచివారినుండి గెలిచినది మొదలు ఆ పట్టణము ఇంగ్లీషు కంపెనీ వశమైనది; ఓడలకు చెన్నపట్టణము ముఖ్యస్థానమగుటచే బందరు రేవు క్రమముగా చిన్నబోయినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో సముద్రము పట్టణముపైకి పొంగి ముప్పదివేలమంది వఱకు ప్రాణములు గోల్పోయిరి. ఇట్టి యుపద్రవము తరువాత ఏ చేతివృత్తియైనను అంతరించుట సహజము. కాని పారశీకపు బేరము ఇంకను మిగిలియుండెను. దానిని నమ్ముకొని అద్దకము మిగిలినది. లాభమధికమైన బేరము పోయినను, పలువురు కొద్దికొద్దిగా కొను బేరము నిలిచినచోట వృత్తి నిలుచుట నే నిచ్చట గమనించుచున్నాను. గొప్పవారికై కలముతో చేసిన దుప్పట్లు ప్రదర్శనశాలలకు చేరిన దినములలో, సామాన్యులకై అచ్చుతో చేసిన గుడ్డలు ఓడ లెక్కుచునే యుండెను. ఈ బేరము కూడ మొదటి ప్రపంచయుద్ధానంతరమున పారశీకప్రభుత్వపు సుంకముల వలనను, మాఱిన యభిరుచి వలనను సన్నగిల్లినది. అంతకు మునుపే చెన్నపట్టణపు చిత్రకళాశాలకు అధిపతిగా నుండిన హ్యాడవే దొర 1917లో మద్రాసు రాజధానిలోని నూలుచిత్రణమును, అద్దకమును గూర్చి యొక గ్రంథము వ్రాసి ప్రకటించినాడు. అట్టి గ్రంథము వ్రాయవలసి వచ్చుటయే ఆ వృత్తి యప్పటికే యెంత క్షీణించినదో తెలుపుచున్నది.

రంగునందును మార్పు వచ్చినది. 1868-69 ప్రాంతమున జర్మను శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్మనులు తారునుండి అలిజరిను అను ఎఱుపుద్రవ్యమును తయారుచేయు మార్గము కనుగొనిరి. దీనిని పూర్తిగా పరాయిద్రవ్యమని నిందించుట న్యాయము కాదు. చిరివేరులో ఎఱుపునకు కారణమైన పదార్థము కూడ అలిజరినే. వేరులో దానితోపాటు మఱికొన్ని పదార్థము లుండి యెఱుపునకు మెత్తదనము నిచ్చును. డబ్బాలోని దానికి ఆ మెత్తదనము లేదు. కాని ఇసుకలో చిరివేరు త్రవ్వువానికి ఆ డబ్బా పనిలేకుండ చేసినది. చిరివేరు తోటలు పోయినవి; పటికతో అచ్చు వేయు పద్ధతి మాత్రము పోలేదు. నేడు బందరు చెంతనున్న పెడనలో గంగాళమున మరుగునది పెక్కుచోట్ల అలిజరినే యైనను, మరిగించు రీతి కూర్దూ వర్ణించినదానికి దూరము కాదు.

ఆ రీతిని కొంచెము నిదానముగా చూతము. మొట్టమొదట కోరాగుడ్డలోని గంజిని పోగొట్టవలెను. పేడనీట నానవేసి, ఉతికి, ఎండలో పరచి, ఆఱినకొలది నీళ్ళు చల్లుచు దినములతరబడి తెల్లపఱతురు. పిమ్మట కరక్కాయ పొడిని నీటిలో కలిపి, ప్రాచీనపద్ధతిలో గేదెపాలు కూడ చేర్చి, గుడ్డను ముంచి పిండి యెండబెట్టుదురు. కరక్కాయలోని వగరు నూలును పట్టి ఇనుమును పటికను లాగికొనును. పాలలోని కొవ్వు రంగును ప్రక్కలకు ప్రాకనీయదు. అప్పుడు నల్లగీతల అచ్చు. నలుపునకై బెల్లపునీటిలో త్రుప్పుపట్టిన ఇనుపముక్కలు వేసి రెండుమూడు వారములు పులియబెట్టిన ఇనుపనీరును వాడుదురు. అది కరక్కాయ పట్టించిన గుడ్డపై పడినంతనే కన్నుల యెదుట నల్లబడును. అద్దకములో తక్షణమే ఫలము కనబడునది యిది యొక్కటియే. పటికను జిగురుతో చిక్కపఱచి వేఱొక యచ్చుతో వేసినది మాత్రము ఓపిక పట్టవలసిన పని. ఆ యచ్చు పడిన గుడ్డను కొన్ని దినములు ఆఱనిచ్చి, పారునీట బాగుగా జాడింపవలెను. నిలువనీట జాడించినచో విడిపడిన పటిక తెల్లనేలపై పేరుకొని, మరిగించునప్పుడు గుడ్డయంతయు ఎఱ్ఱబాఱును. బందరు చెంత అద్దకపువారు కాలువల యొడ్డున నిలిచియుండుటకు ముఖ్యకారణ మిదియే. 1855లో కృష్ణకు బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియై కాలువలు సాగిన తరువాత పెడన మొదలగు గ్రామములకు మంచినీటి ప్రవాహము దరిజేరినది. సముద్రపు టుప్పు కలిసిన బందరు నీటికంటె ఆ కాలువనీరు ఈ పనికి మేలైనదని వేఱుగా చెప్పనక్కఱలేదు. జాడించిన గుడ్డను రంగువేళ్ళతో, చెక్కతో కలిపి గంగాళమున మెల్లగా మరిగించునప్పుడు కఱ్ఱతో త్రిప్పుచునే యుండవలెను. ఒకచోట నిలిచిన గుడ్డకు మచ్చలు పడును. నీలిరంగు కావలసినచో తక్కిన భాగములకు మైనము పూసి నీలిమందు తొట్టిలో ముంతురు. పసుపువన్నె కరక్కాయ పువ్వునుండియో, దానిమ్మతొక్కనుండియో తీసి చివర వేయుదురు. అది తక్కిన రంగులంత నిలుకడ గలది కాదు.

అచ్చు చెక్కువాని విద్య ప్రత్యేకము. బాగుగా ఆఱిన టేకుచెక్కను చదును చేసి, దానిపై నమూనాను గీసి, చిన్న ఉలులతో నేలను లోతుగా తవ్వి గీతను నిలుపుట మిగుల నిదానమైన పని. ఒక్క పూవునకు గీతలను వేయు అచ్చొకటియు, లోపలి భాగములను నింపు అచ్చులు వన్నె కొకటి చొప్పునను వలయును. ఒకదానిపై నొకటి సరిగా కుదురుటకై అచ్చుల మూలలలో చిన్న గుర్తులుండును. క్రొత్త అచ్చును నూనెలో నానవేసి వాడుకలోనికి తెత్తురు. లేనిచో నీరుపట్టి వంగును, చీలును. పెద్ద అచ్చులకు గాలి పోవుటకై రంధ్రములు వేయుదురు. అద్దకపువాని యింట దొంతరలుగా పేర్చిన పాత అచ్చులు ఒక గ్రంథాలయము వంటివని వ్రాయవలెనని మొదట అనుకొంటిని గాని, అది సరికాదు. గ్రంథము చదివినను అఱుగదు, అచ్చు మాత్రము వేసినకొలది గీత మొద్దుబాఱి, చివరకు పొయ్యిలోనికి పోవును. ఎన్నో నమూనాలు గుడ్డలపై మిగిలియుండగా వాని అచ్చులు మిగులకుండుటకు హేతువిదియే.

స్వాతంత్ర్యానంతరమున 1952లో అఖిల భారత హస్తకళా మండలి ఏర్పడినది. కమలాదేవీ చట్టోపాధ్యాయ వంటివారి పూనికతో కాళహస్తిలోను బందరులోను ఈ వృత్తులు మరల తల యెత్తినవి. బందరు పనివారు నమాజుగుడ్డలను విడిచి చీరలు, దుప్పట్లు, గజాలగుడ్డ వైపు తిరిగిరి. కొనుగోలుదారు పారశీకుడు గాక మన యూరివాడైనాడు. వృత్తి కేంద్రము పట్టణమునుండి పెడనకు జరిగినది. మచిలీపట్నము (బందరు) కలంకారీ యను పేరునకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది.

ఈ చరిత్ర తెలిసి, ఇంటియొద్ద వేడుకకై మొదలుపెట్టదలచినవారికి నా సలహా యొకటే: ఎఱుపుతో గాక నలుపుతో మొదలుపెట్టుడు. మూలికల దుకాణమున దొరకు కరక్కాయ పొడిని గుడ్డ తూకములో అయిదవవంతు తీసికొని, గోరువెచ్చని నీట కలిపి, గంజి పోవునట్లు ఉతికిన నూలుగుడ్డను అందులో నానవేసి, పిండి, ఎండలో నాఱవేయవలెను. ఈ లోపల త్రుప్పుపట్టిన మేకులను బెల్లపునీటిలో వేసి మూతను వదులుగా పెట్టి, పెరటిలో నొక మూల ఉంచవలెను. వాసన యింటివారికి నచ్చదు. ఆ నీటిని వడగట్టి, తుమ్మజిగురుతో చిక్కపఱచి, తడిపి మడచిన కంబళి ముక్కపై పోసినచో అదే మెత్త. అచ్చు పెద్దదిగా నున్నకొలది తప్పులు పెద్దవగును గనుక, అరచేతిలో నిమిడిపోవు చిన్న పూవుతో మొదలుపెట్టుట మేలు. బల్లపై గుడ్డ క్రింద దుప్పటి మడతలు వేయనిదే గీతలు తెగి పడును. నలుపు చేతికి వచ్చిన తరువాత పటికవైపు పోవచ్చును. చిరివేరు దొరకని చోట మంజిష్ఠ వేరును వాడవచ్చును. కాని దాని యెఱుపు కొంత నారింజవన్నె వైపు మొగ్గును. వాడిన పాత్రలలో మరల వంట చేయరాదు. సీసా రంగులతో అద్దినను అందమే వచ్చును. ఇనుపనీరు కరక్కాయను తాకి నల్లబడుట చూచినవారు మాత్రము సీసావైపు సులభముగా తిరిగి పోరని నా తలంపు.

చివరగా కొనువారికొక మాట. పెడనలో నేడు చేతి అచ్చుతోపాటు తెరతో, అనగా స్క్రీనుతో, గుడ్డపై రంగువేయు పనియు విరివిగా సాగుచున్నది. ఆ గుడ్డ కూడ కలంకారీ యను పేరుతోనే అమ్ముడగుచున్నది. తెరపనిని నే నీసడింపను. దానితో బ్రతుకు కుటుంబములు పెక్కు. కాని రెండింటిని ఒకే పేరుతో కొనుట కొనువానికి నష్టము. గుర్తుపట్టుట కష్టము కాదు. అచ్చులు కలిసిన చోట గీత ఒకచోట వెంట్రుకవాసి విడిపోయియు, మఱొకచోట ఒకదానిపై నొకటి యెక్కియు నుండును. ఆ తప్పులు ఏ రెండును ఒకవిధముగా నుండవు. తెరగుడ్డలో తప్పున్నను గజము గజమునకు అదే చోట, అదే తీరున మరల వచ్చును. గుడ్డను వెనుకకు త్రిప్పినచో పటిక పట్టిన ఎఱుపు అచ్చటికిని దిగియుండును. తెరపై రుద్దిన రంగు ముఖముననే నిలిచి వ్రేళ్ళకు కొంచెము గరుకుగా తగులును. క్రొత్తగుడ్డ నుండి కరక్కాయ వగరువాసన వచ్చిన యెడల మఱి సందేహింప నక్కఱలేదు. ఆ వాసన రెండు మూడు ఉతుకులతో పోవును.